బొమ్మ కింద పేరు

శాన బాలసదనాలల్ల బొమ్మలంటే పోటీ పెట్టుడు, ప్రైజులిచ్చుడే. మనసు తేలికయ్యేతందుకు గీసే బొమ్మ ఏరే. నోటితోని చెప్పరానిది పిల్లలు రంగులల్ల పెడ్తరు. నలుగురు కలిసి గీస్తే, గీ బాధ తనొక్కదానికే కాదని పక్కపిల్ల బొమ్మ జూసి తెలుస్తది.

గిది కొత్త ముచ్చటేం కాదు. 1942 డిసెంబర్‌ల నాజీలు ఫ్రీడ్ల్ డిక్కర్-బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణిని చెక్ గడ్డమీది టెరెజిన్ ఘెట్టోకు తోలిండ్రు. అక్కడ అమ్మానాయినలకు దూరంగ ఉంచిన పిల్లలతోని ఆమె బొమ్మలు గీయించింది. మనిషికో నంబరేసిన జాగల, బొమ్మమీద ఎవరి పేరు వాళ్లతోని రాయించింది. 1944ల ఆమెను ఆష్విట్జ్‌ల సంపిండ్రు. రెండు సూట్‌కేసులల్ల దాచిన 4,500 దాకా బొమ్మలు మిగిలినయి. గీసిన పిల్లల్ల శానమంది మిగల్లే. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రామర్ అమెరికాల ఆర్ట్ థెరపీకి బాటేసింది.

మనకాడ కావాల్సింది ఖరీదు రంగులు కాదు. వారంవారం అదే టైముకు, అదే మనిషి రావాలె. 'గిదేం బొమ్మ?' అనొద్దు. పెద్దసార్లొస్తే గోడకతికించి చూపెట్టుడు అసలే వద్దు, పిల్లలే అడిగితే తప్ప.