బొగ్గు దుమ్ముకు పచ్చని అడ్డుతెర: చిన్న పెరట్లో ఏ చెట్టు పెట్టాలె?

గోదావరిఖనిలో పొద్దున ఊడ్చిన వాకిలి సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. ఒక దిక్కు సింగరేణి ఓపెన్‌కాస్టులు, ఇంకో దిక్కు 2600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ, నడుమ బొగ్గు లారీలు. పెరట్లో పండిన పాలకూరను మూడు నీళ్లు కడిగితే గానీ వండలేం. మరి గోడ పక్కన దుమ్ము ఆపే చెట్టు ఏది?

తొందరపడి కోనోకార్పస్ పెట్టకండి. అది మన నేల చెట్టు కాదు. హరితహారంలో దాన్ని నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. వేప మంచిదే, కానీ వంద గజాల జాగాలో ఇమడదు. కానుగ ఆకు పచ్చిరొట్టకు బంగారం. అయితే దుమ్ము ఎక్కువుండే ఎండాకాలం మొదట్లోనే ఆకు రాలుస్తుంది. గోడకు దగ్గరైతే వేర్లతో ఇబ్బంది కూడా.

చిన్న జాగాకు మా ఓటు పొగడకే. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఆకు దట్టం. దుమ్ము పట్టినా ఒక్క వానకు కడుక్కుపోతుంది. పూల వాసన, పిట్టలకు పండ్లు అదనం. ఒకటే లోపం, నిదానంగా పెరుగుతుంది. అందుకే ముందు వరుసలో వావిలి (మన దిక్కు వాయిలి) పెట్టండి. కొమ్మ గుచ్చినా బతుకుతుంది, మేకలు పెద్దగా ముట్టవు, ఆకు దశపర్ణి కషాయానికి పనికొస్తుంది. కషాయంలో వేసే ముందు ఆకు కడగడం మరవొద్దు.

ఎట్ల పెట్టాలె?

- దుమ్ము ఏ దిక్కు నుంచి వస్తుందో ముందు చూడాలె. నాలుగు దిక్కులా తడి తెల్లగుడ్డ ఒకరోజు కట్టండి. ఎక్కువ నల్లబడ్డ దిక్కే మొదట నాటాలె.
- తొలకరి వానలు పడ్డాక 2 అడుగుల గుంత తీసి ఘనజీవామృతం, వేపపిండి కలపండి.
- పొగడ గోడకు 6 అడుగుల దూరంలో, మొక్కకు మొక్కకు 8 అడుగులు. వావిలి 2 అడుగులకొకటి.
- 15 రోజులకోసారి పదింతల నీళ్లు కలిపిన జీవామృతం, మొదట్లో ఎండుగడ్డి ఆచ్ఛాదన.
- ఎండాకాలం వారానికోసారి ఆకుల మీద నీళ్లు కొట్టండి. పొగడను 12 అడుగుల దగ్గర కత్తిరిస్తే పక్కలకు గుబురు కడుతుంది.

ఒక మాట నిజంగా చెప్పుకోవాలె. చెట్టు దుమ్మును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. గనుల దగ్గర, లారీల రోడ్ల మీద నీళ్లు చల్లాల్సిందే, ఆ మాట అడుగుతూనే ఉండాలె. కానీ మన గోడ లోపలి పని మన చేతిలో ఉంది. ఈ వానాకాలం రెండు పొగడలు, పది వావిలి కొమ్మలతో మొదలుపెట్టండి. గుంత తీయడం, కొమ్మ గుచ్చడం వీడియోలో చూడండి.