రెండోసారి వింటే తెలిసిన జవాబు

బ్యాంకులో వోచరు లేని పద్దును ఆడిటరు ఒప్పుకోడు. పిల్లల నోటి పరీక్షలో మాత్రం జవాబు గాలిలో కలిసిపోతుంది, మార్కు ఒక్కటే కాగితం మీద మిగులుతుంది. ఇందులో ఎంత ప్రమాదముందో బరంపురంలో మన ఆదివారం తెలుగు తరగతిలో నాకు తెలిసివచ్చింది.

మాది తెనాలి వైపు. బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. చదివింది బీకాం, భాషా పండితుణ్ణి కాను. అయినా మనుషులు చాలక నన్నూ పరీక్షకు కూర్చోబెట్టారు. బొమ్మ చూపించి ఏం జరుగుతోందో చెప్పమనాలి. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న అమ్మాయి బొమ్మ అది. ఎనిమిదేళ్ళ పాప కాసేపు చూసి, "గుంట నీళ్ళు పడతంది" అంది. బొమ్మలో గుంట ఎక్కడుంది? అయిదుకి ఒకటి వేసి తరువాతి పిల్లవాణ్ణి పిలిచాను.

అదృష్టం కొద్దీ జవాబులన్నీ సెల్‌ఫోనులో రికార్డు చేస్తున్నాం. సాయంత్రం మార్కులు సరిచూస్తూ పంతులమ్మ గారికి వినిపించాను. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. ఫక్కున నవ్వి, "మా వైపు గుంటంటే ఆడపిల్ల బాబూ! పాప సరిగ్గానే చెప్పింది" అన్నారు. 1936 దాకా ఈ గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. శ్రీకాకుళం వైపు మాట ఇక్కడ వినిపించడంలో వింతేముంది? వింతల్లా నా వినికిడే. మార్కు అయిదు చేశాం.

అదే రికార్డులో నా గొంతూ విన్నాను. ప్రశ్న అడిగి ఊపిరి తీసుకునేలోగా "ఊ, చెప్పు, చెప్పు" అంటున్నాను! ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లలు పొడవైన జవాబులు చెబుతారనీ అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతుల టేపులు విని తేల్చారు. ఇప్పుడు నేను మనసులో మూడు లెక్కపెడుతున్నాను. కష్టంగానే ఉంది.

వెనుకటి టేప్‌రికార్డరుతో ఈ పని ఇంత సులువు కాదు. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్క పిల్లవాడి జవాబు వెతకాలంటే ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చోవాలి. ఇప్పుడు ఒక్కొక్కరిది విడిగా ఉంటుంది. ఫ్యాను ఆపి, మడత పెట్టిన తువ్వాలు మీద ఫోను పెడితే చాలు. వీడియో మాత్రం నాటకానికీ, పద్యానికీ ఉంచుకున్నాం. కెమెరా చూస్తే కొందరు బిగుసుకుపోతారు, కొందరు జుట్టు సవరించుకుంటారు, జవాబు ఎవరికీ గుర్తుండదు.

ముందుగా తల్లిదండ్రుల చేత సంతకం తీసుకుంటాం. పిల్లల సమాచారానికి పెద్దల అనుమతి కావాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టమూ చెబుతోంది. ఫలితాలు ఇచ్చాక అన్నీ చెరిపేస్తాం. ఆ పాప తల్లి మాత్రం చెరిపేలోగా ఒక ప్రతి అడిగి తీసుకుంది. పలాసలో ఉన్న అమ్మమ్మకు పంపిందట.