తెర మీద ఫోను నంబరు కనిపిస్తే



కంప్యూటరులో ఏదో చూసుకుంటూ ఉంటాం. ఉన్నట్టుండి తెర నిండా ఎర్రటి ప్రకటన, చెవులు చిల్లులు పడేలా సైరను మోత. "మీ కంప్యూటరుకు వైరస్ సోకింది. ఆపివేయకండి. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి." పైన పేరున్న కంపెనీ గుర్తు. ఎవరికైనా గుండె దడ పుడుతుంది. ఆ దడే మోసగాడికి పెట్టుబడి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు. మనం అడగకుండా, బాగుచేస్తామంటూ ఆ సంస్థ ఫోను చేయదు. కనుక హెచ్చరికలో నంబరు ఉన్నదంటే అది మోసమే.

ఆ నంబరుకు ఫోను చేస్తే, అవతలివాడు మర్యాదగా మాట్లాడి ఎనీడెస్క్, టీంవ్యూయర్ వంటి ప్రోగ్రాం ఎక్కించమంటాడు. అవి మంచి పనికి పుట్టినవే. కానీ వాటితో మన కంప్యూటరు అతని చేతికి పోతుంది. ఏ కంప్యూటరులోనైనా ఉండే మామూలు నమోదులనే వైరస్ అని చూపిస్తాడు. చివరకు రుసుము కట్టమంటాడు, ఓటీపీ అడుగుతాడు.

మరి ఏం చేయాలి? ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కండి. పోకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి కంప్యూటరు ఆపేయండి. ఇప్పటికే అతన్ని లోపలికి రానిచ్చి ఉంటే ఇంటర్నెట్టు తీసేయండి, బ్యాంకుకు తెలపండి, 1930కి ఫోను చేయండి. బళ్లారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా అదే నంబరు.

మోసపోయామని సిగ్గుపడి ఇంట్లోవాళ్ల దగ్గర దాచకండి. ఆలస్యమైన కొద్దీ పోయిన డబ్బు చేతులు మారిపోతుంది.