జూరా: ఒక స్థలనామం – అర్థపరిధి

స్థలనామాలలో అనేకం తొలుత సామాన్యనామాలే. ఫ్రాన్సు, స్విట్జర్లాండుల సరిహద్దున నెలవంకలా సాగే 'జూరా' పర్వతశ్రేణి పేరు ఇందుకు చక్కని నిదర్శనం. అడవిని లేదా అడవికొండను సూచించిన ప్రాచీన కెల్టిక్ పదం దీనికి మూలమని భాషావేత్తలు భావిస్తారు. ఆ ప్రాంతపు మాండలికాలలో అడవి అనే అర్థంలో 'జూ' అనే మాట నిలిచింది. స్విట్జర్లాండులోని 'వాలే ద జూ' అంటే అడవిలోయ. సెక్వానీ, హెల్వెటీ జాతుల నడుమ హద్దుగా జూలియస్ సీజరు ఈ పర్వతాన్నే పేర్కొన్నాడు. అంటే రెండువేల ఏళ్ల క్రితమే సామాన్యనామం సంజ్ఞానామమైంది.

తరువాతి కాలంలో ఈ పేరు పరిపాలనలోకి ప్రవేశించింది. విప్లవకాలపు ఫ్రాన్సులో 1790లో ఏర్పడిన ఒక జిల్లాకు, 1979లో స్విట్జర్లాండులో ఏర్పడిన ఒక రాష్ట్రానికి 'జూరా' అనే పేరు పెట్టారు. వైన్ విషయంలో మాత్రం పేరు పరిధి బాగా కుదించుకుపోయింది. 'కోత్ ద్యు జూరా' అనే చట్టబద్ధ నామం 1937లో వచ్చింది. అంతకు ఏడాది ముందే ఆర్బ్వా, షాతో-షాలోన్ వైన్లకు గుర్తింపు లభించింది. ఈ నామం ఫ్రెంచి జిల్లాలోని పడమటి దిగువ వాలులకే చెల్లుతుంది. అదే శ్రేణి పాదాన పండినా, స్విట్జర్లాండులోని నూషాతెల్ వైన్ గానీ, దక్షిణాన బ్యుజే వైన్ గానీ 'జూరా వైన్' కాదు. కాబట్టి ఇక్కడ పేరును నిర్ణయించేది కొండ కాదు, చట్టం.

ఈ సీమకు ప్రత్యేకత తెచ్చినది 'వాఁ జోన్', అనగా పసుపు వైన్. సావన్యాఁ ద్రాక్షతో చేసి, పీపాను మళ్లీ నింపకుండా ఆరేళ్లకు పైగా ఉంచుతారు. పైన ఏర్పడే ఈస్టు పొర గాలి తాకిడి నుండి దానిని కాపాడుతుంది. సీసా పరిమాణం 62 సెంటీలీటర్లు. లీటరులో ఆవిరి కాగా మిగిలేది అంతేనని అక్కడి వాడుక. వైన్ ఎందుకు చెడిపోతుందో పరిశోధించిన లూయీ పాశ్చర్ పెరిగినది ఆర్బ్వాలోనే.

పేరు అన్నిటికన్నా దూరం వెళ్లినది భూవిజ్ఞానంలో. 1795లో హంబోల్ట్ ఈ కొండల సున్నపురాతిని గుర్తించి 'జూరా' పేరుతో వ్యవహరించాడు. 1829లో బ్రోన్యార్ దానిని శిలాస్తరాలకు వర్తింపజేశాడు. అదే 'జురాసిక్' యుగనామమైంది. ఆ రూపంలోనే ఇది తెలుగు నేలకూ చేరింది: గోదావరి లోయలోని కోటా శిలాస్తరాలు ఈ యుగానివే. తెలంగాణలోని యామన్‌పల్లి వద్ద దొరికిన 'కోటాసారస్' అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.