గాలం కర్ర పిడి మళ్లీ కొత్తదెలా అవుతుంది?

పిల్లలూ, చేత్తో తయారుచేసిన కొన్ని గాలం కర్రలకు తేలికైన, మెత్తని పిడి ఉంటుంది. అది కార్కు. వాడేకొద్దీ నల్లబడుతుంది. ఎందుకు?

కార్కు అంటే పోర్చుగల్, స్పెయిన్‌లలో ఎక్కువగా పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును నరకరు, సుమారు 9 ఏళ్లకోసారి బెరడు మాత్రం ఒలుస్తారు. 1665లో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో చూపిన బుల్లి గదులు ఈ కార్కులోవే. ఖాళీ అగ్గిపెట్టెలు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి, లోపలంతా గాలే!

కార్కు బిళ్లలను జిగురుతో అతికించి, లేత్ అనే యంత్రం మీద తిప్పుతూ ఉప్పు కాగితంతో రుద్ది పిడి చేస్తారు. అప్పుడు పైవరస పెట్టెలు తెరుచుకుంటాయి. వాటిలో చెమట, మట్టి, చేపల జిగట చేరతాయి. లోపలివి మూసే ఉంటాయి కాబట్టి మురికి అంత లోతుకు దిగదు.

అందుకే ముందు సబ్బునీళ్లతో, మెత్తని బ్రష్‌తో కడిగి ఆరనివ్వాలి. ఇంకా మరకుంటే సన్నరకం ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. మురికి వరస పొడిగా రాలి, కింది శుభ్రమైన వరస బయటపడుతుంది. ఆ పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రుద్దిన ప్రతిసారీ పిడి కాస్త సన్నబడుతుంది కనుక, సబ్బుతో పోయే మురికికి ఉప్పు కాగితం జోలికి వెళ్లొద్దు!