తెరచిన దస్త్రములు

2005వ సంవత్సరము అక్టోబరు మాసమున ఒకనాటి రాత్రి అమెరికాలోని న్యూయార్కు నగరమున ఒక వింత వాసన వ్యాపించెను. మేపుల్ అను చెట్టు రసమును కాచి అచ్చటివారు తీయని పాకము చేసికొందురు. ఆ వాసన అట్టి పాకమును పోలియుండెను. తీయని వాసనయే యైనను జనులు భయపడిరి. 2001వ సంవత్సరమున తమ నగరముపై జరిగిన ఘోరమైన దాడిని వారింకను మరువలేదు. శత్రువులెవరైన విషవాయువును వదలిరేమో యని శంకించి, పలువురు నగర కార్యాలయమునకు ఫోను చేసిరి. అధికారులు గాలిని పరీక్షించి, అపాయమేమియు లేదని చెప్పిరి. కాని ఆ వాసన ఎచ్చటినుండి వచ్చినదో ఎవరికిని తెలియలేదు. కొన్నాళ్లకు అది మరల వచ్చెను, మరల పోయెను. ఇట్లు మూడు సంవత్సరములకు పైగా జరిగెను.

న్యూయార్కులో 311 అను ఫోను సంఖ్య కలదు. నగరమున ఏ ఇబ్బంది కలిగినను పౌరులు 2003వ సంవత్సరము నుండి ఆ సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనుచున్నారు. ఫిర్యాదు ఏమి, ఏ చోటు, ఏ వేళ అను మూడు విషయములును అచ్చట నమోదగును. అధికారులు ఈ వాసనను గూర్చిన ఫిర్యాదులనన్నిటిని పటముపై గుర్తించిరి. ఆయా వేళలలో గాలి ఏ దిక్కునుండి ఎంత వేగముతో వీచినదో ఆ గుర్తులతో జతపరచి చూచిరి. అవి హడ్సను నదికి ఆవలి గట్టుననున్న న్యూజెర్సీ రాష్ట్రమువైపు దారి చూపెను. 2009వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నగర మేయరు మైకేల్ బ్లూంబర్గు ఆ రహస్యమును వెల్లడించెను. అచ్చటి పరిమళ ద్రవ్యముల కర్మాగారమొకదానిలో కొన్ని గింజలను వాడి సరకు తయారుచేయునపుడు ఆ వాసన పుట్టుచుండెను. ఆ గింజలు మరేవియో కావు. తెలుగువారి పోపుల పెట్టెలోనుండు మెంతులే!

ఈ కథలో ఒక సత్యమున్నది. ఒక్కని ఫిర్యాదు ఒక చిన్న మాట మాత్రమే. అట్టి మాటలు అనేకములు ఒకచోట చేరి, క్రమముగా అమర్చబడినపుడు, ఏ ఒక్కరికిని తెలియని సంగతిని అవి తెలియజేయును. ఇట్లు నమోదు చేసి యుంచిన విషయములను దత్తాంశములని గణితమున చెప్పుదురు. వాడుకలో డేటా అనుచున్నారు. ప్రతి నగరమును తన కార్యాలయములందు ఇట్టి దత్తాంశములను కొండలవలె పోగుచేయును. పన్నులెంత వసూలైనవి, ఏ వీధిలో ఎన్ని ప్రమాదములు జరిగినవి, ఏ బండికి ఎంత జరిమానా పడినది మొదలగునవన్నియు అందుండును. వాసన గుట్టు విప్పుటకు అధికారులే లెక్కలను పరిశీలించిరి. ఆ లెక్కలు అధికారుల చేతులలోనే యుండవలయునా? లేక ప్రజలందరును వానిని చూడవచ్చునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1766వ సంవత్సరముననే స్వీడను దేశము ప్రభుత్వ పత్రములను చూచు హక్కును శాసనము ద్వారా తన పౌరులకు ఇచ్చెను. అమెరికా దేశమున 1966వ సంవత్సరమునను, న్యూయార్కు రాష్ట్రమున 1974వ సంవత్సరమునను సమాచార స్వేచ్ఛా శాసనములు వెలువడెను. వీనివలన పౌరుడు అర్జీ పెట్టి సమాచారమును కోరగలిగెను. అది గొప్ప మేలే. అయినను అందులో ఒక లోపము కలదు. అడిగినవానికే జవాబు వచ్చును. అదే విషయము కావలసిన మరియొకడు మరల అర్జీ పెట్టి, మరల వేచియుండవలెను. ఇంతకును, కార్యాలయమున ఏ దస్త్రమున్నదో తెలియనివాడు దేనిని అడుగగలడు?

ఈ లోపమును సవరించుటకే బహిరంగ దత్తాంశ విధానము పుట్టినది. ఎవరును అడుగకముందే ప్రభుత్వము తన లెక్కలను అందరి యెదుట ఉంచుట దీని సారము. న్యూయార్కు నగరసభ 2012వ సంవత్సరమున ఈ విధానమును శాసనముగా ఆమోదించెను. మార్చి 7వ తేదీన మేయరు బ్లూంబర్గు దానిపై సంతకము చేసెను. ఆ సంవత్సరపు స్థానిక శాసనములలో అది 11వది. నగర శాఖలు ప్రజలకు చూపదగిన తమ పట్టికలనన్నిటిని ఒకే వెబ్‌సైటునందు 2018వ సంవత్సరాంతములోగా ఉంచవలెనని అది విధించెను. వానిని చూచుటకు రుసుము లేదు. వాడుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఇప్పుడు అచ్చట లభించు పట్టికలు అనేక విధములు. భోజనశాలలను తనిఖీ చేసిన అధికారులు ఎచ్చట ఏ లోపములు కనుగొనిరో చూడవచ్చును. వీధి ప్రక్కల చెట్లు సైతము లెక్కకెక్కినవి. 2015వ సంవత్సరమున వేలాది స్వచ్ఛంద సేవకులు నగరమంతయు తిరిగి, 6 లక్షల 60 వేలకు పైగా వీధి చెట్లను లెక్కించిరి. ఏ చెట్టు ఏ జాతిది, ఎంత లావుగలది, ఆరోగ్యముగా నున్నదా లేదా యని వ్రాసికొనిరి. ఆ వివరములన్నియు నేడు ఎల్లరకును అందుబాటులోనున్నవి.

అయితే లెక్కలను చూపుట వేరు, వాడుకొనుటకు వీలుగా ఇచ్చుట వేరు. ఒక ఉపాధ్యాయుడు మార్కుల పుస్తకమును ఫోటో తీసి ఇచ్చినాడనుకొనుడు. మార్కులు కంటికి కనబడును. కాని సగటు తెలియవలెనన్న ప్రతి అంకెను మరల వ్రాసికొనవలెను. ఆ అంకెలనే వరుసలుగా కంప్యూటరు పట్టికలో ఇచ్చినచో, సగటు ఒక్క క్షణములో తేలును. మొదట న్యూయార్కు పోలీసు శాఖ వాహన ప్రమాదముల లెక్కలను ముద్రించిన పుటల రూపముననే ప్రకటించెడిది. కొందరు పౌరులు శ్రమపడి ఆ పుటలనుండి అంకెలను వెలికితీసి, అందరకును పంచిరి. 2014వ సంవత్సరమునుండి ఆ లెక్కలు కంప్యూటరు చదువగల పట్టికగా లభించుచున్నవి.

ఇట్టి పట్టికలవలన కలిగిన మేలునకు ఒక ఉదాహరణము చెప్పవచ్చును. బెన్ వెల్లింగ్టన్ అను నతడు ఆ నగరమున నగర నిర్మాణ విద్యార్థులకు గణాంక శాస్త్రమును బోధించెడివాడు. అతడు జరిమానాల పట్టికలను పరిశీలించుచుండెను. అగ్నిమాపక కొళాయిల చెంత బండ్లు నిలుపరాదని అచ్చట నియమము కలదు. 2014వ సంవత్సరమున అతడు ఏ కొళాయి చెంత జరిమానాలు మిక్కుటముగా పడుచున్నవో లెక్కించి, ఆ చోటును పరిశీలించెను. అచ్చట దారిపై గీచిన గీతలు బండి నిలుపవచ్చునన్నట్లే యుండెను. వానిని నమ్మి బండి నిలిపినవారు జరిమానాలు చెల్లించుచుండిరి. ఈ సంగతి వెల్లడియైన పిమ్మట నగర రవాణా శాఖ ఆ గీతలను సవరించెను.

2016వ సంవత్సరమున ఇంతకంటె పెద్ద పొరపాటు బయటపడెను. చక్రముల కుర్చీలవారు ఎక్కిదిగుటకు కాలిబాట అంచును అక్కడక్కడ వాలుగా చేయుదురు. పూర్వము అట్టి ప్రతి చోటునకు ఎదుట బండి నిలుపుట నిషిద్ధము. తరువాత నియమము మారెను. దారి దాటుటకు గీతలు లేని కొన్ని చోట్ల, వాలునకు ఎదుట బండి నిలుపవచ్చునని అనుమతించిరి. కాని ఈ మార్పు గస్తీ తిరుగు పోలీసులు పలువురకు తెలియదు. వారు పూర్వపు నియమమునే పట్టుకొని జరిమానాలు వ్రాయుచుండిరి. వెల్లింగ్టన్ పట్టికలను జల్లించి, నగరమంతట ఈ తప్పు జరుగుచున్నదని చూపెను. ఇట్లు అన్యాయముగా వసూలైన సొమ్ము సంవత్సరమునకు 10 లక్షల డాలర్లకు మించినది. అతడు ఆ సంగతిని నగర అధికారులకు తెలిపెను.

పోలీసు శాఖ కోపింపలేదు, కాదని వాదింపనులేదు. లోపల విచారించుకొని, తప్పు తమదేనని అంగీకరించెను. పోలీసులకు క్రొత్త నియమమును బోధించుటకు ఏర్పాటు చేసెను. ఇట్టి పొరపాట్లను కనిపెట్టుచుండుటకు పట్టికలను తామును పరిశీలింతుమని తెలిపెను. ఇచ్చట గమనింపదగినది ఒకటున్నది. ఏ యధికారియు దురుద్దేశముతో ఆ తప్పు చేయలేదు. తప్పు జరుగుచున్నదని శాఖకే తెలియదు. తెరచి యుంచిన పట్టిక పౌరునకు ఎంత మేలు చేసెనో ప్రభుత్వమునకును అంతే మేలు చేసెను.

అట్లని అన్ని వివరములను వీధిలో పెట్టుట తగునా? తగదు. ఈ పాఠమును గూడ న్యూయార్కే నేర్చుకొనెను. 2014వ సంవత్సరమున ఒక పౌరుడు సమాచార శాసనము ప్రకారము అర్జీ పెట్టి, అంతకు ముందటి యేటి టాక్సీ ప్రయాణముల పట్టికను పొంది ప్రకటించెను. అందు 17 కోట్లకు పైగా ప్రయాణములు కలవు. టాక్సీల సంఖ్యలను, డ్రైవర్ల లైసెన్సు సంఖ్యలను అధికారులు మారురూపమున వ్రాసి యిచ్చిరి. గుట్టు దాగినదని తలంచిరి. కాని ఆ సంఖ్యలు కొన్ని నిర్ణీత రూపములలోనే యుండును. సాధ్యమైన సంఖ్యలనన్నిటిని అదే విధముగా మార్చి పోల్చి చూడగా, కంప్యూటరు కొద్ది గంటలలోనే అసలు సంఖ్యలను బయట పెట్టెను. ఏ డ్రైవరు ఎంత ఆర్జించెనో, ఎప్పుడు ఎచ్చట నుండెనో తెలిసికొనుటకు దారి యేర్పడెను. ప్రభుత్వపు పనులు ప్రజలకు తెలియవలెను. ప్రజల ఇంటి గుట్టు మాత్రము భద్రముగా నుండవలెను. ఈ రెంటికి నడుమ గీత గీయుటయే ఈ విధానమున కష్టమైన పని.

మన దేశమునకును ఈ భావము అపరిచితము కాదు. 1994వ సంవత్సరమున రాజస్థాన్ గ్రామములలో కూలివారు బహిరంగ సభలు జరిపి, పనుల లెక్కలను పైకి చదివించిరి. ఆ యుద్యమము నానాటికి పెరిగి సమాచార హక్కు చట్టమునకు దారితీసెను. ఆ చట్టము 2005వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీనుండి పూర్తిగా అమలులోనికి వచ్చెను. పౌరుడు కోరిన సమాచారమును సామాన్యముగా 30 దినములలో ఇయ్యవలెనని అందు కలదు. దాని 4వ విభాగము మరింత ముందునకు సాగినది. జనులు అర్జీ పెట్టు అవసరమే తగ్గునట్లు, కార్యాలయములు తమ వివరములను తామే ప్రకటింపవలెనని అది శాసించినది. ఆంధ్ర దేశమునను ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగినవి. గ్రామసభలో హాజరు పట్టీని పైకి చదువగా, పని చేయనివాని పేర కూలి వ్రాసినచో ఊరివారే చెప్పగలిగిరి.

న్యూయార్కులో కంప్యూటరు పట్టికయైనను, పల్లెలో చదివి వినిపించిన హాజరు పట్టీయైనను, రెంటి ధర్మము ఒక్కటే. కాని దస్త్రమును తెరచినంత మాత్రమున పని ముగియదు. దానిని చదువగల పౌరుడు ఉండవలెను. తప్పు చూపినపుడు దిద్దుకొనగల అధికారియు ఉండవలెను. లెక్కలు నేర్చిన విద్యార్థి రేపు అట్టి పౌరుడు కావచ్చును, అట్టి అధికారియు కావచ్చును. పాఠశాలలో నేర్చిన కూడికలు, సగటులు పరీక్షతో ముగియునవి కావు. ఊరి సొమ్ము ఊరికే చేరుచున్నదా యని తెలిసికొనుటకు అవియే సాధనములు.