నల్లబడ్డ జరీలో ఒక పీహెచ్‌డీ ఉంది

పాత వస్తువుల పరిరక్షణ అంటే వాటిని తోమి, తళతళలాడించి, అద్దాల పెట్టెలో పెట్టడమేనన్న నమ్మకం మనలో చాలా గట్టిది. దాని మీదే మరో మూడు అపోహలు నిలబడ్డాయి: ఇది చరిత్ర చదివినవాళ్ల పని అని, ఇందులో డాక్టరేట్ కావాలంటే విదేశాలకే పోవాలని, పోయి వచ్చినా తిండి పెట్టదని. సూరత్‌లోని లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఆ ఇళ్లలో కెమిస్ట్రీయో టెక్స్‌టైల్ ఇంజినీరింగో చదివే పిల్లలకు ఈ అపోహలు చేసే నష్టం ఎక్కువ. ఈ రంగంలో జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రశ్నలు వాళ్ల ఊళ్లోనే, వాళ్ల వృత్తిలోనే ఉన్నాయి గనుక.

జరీనే తీసుకుందాం. గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ చీరల అంచుల్లో మెరిసే జరీ చాలాకాలంగా సూరత్ నుంచే వెళ్తోంది. అసలు జరీ అంటే వెండి తీగను సన్నగా లాగి, సాగగొట్టి, పట్టుదారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత వేసినది. ఇప్పుడా పూత విద్యుత్తుతో వేస్తున్నారు. పూర్వం వెండి కడ్డీకి ముందే బంగారు రేకు తాపడం చేసి, ఆ తర్వాత కమ్మచ్చు రంధ్రాల గుండా లాగేవారు. ఒక పాత అంచు ఏ పద్ధతిలో తయారైందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద తీగ అడ్డుకోత చూసి అంచనా వేయవచ్చు. గాలిలోని గంధకపు వాయువులు తగిలితే వెండి సల్ఫైడుగా మారి నల్లబడుతుంది. బంగారు పొరలోని సూక్ష్మ రంధ్రాల గుండా ఆ నలుపు పైకి పాకి, బంగారాన్నే కప్పేస్తుంది. దాన్ని ఆమ్లంతోనో చింతపండుతోనో కడిగితే తళుకు తిరిగి వచ్చినట్టే ఉంటుంది. కానీ అడుగున వెండి కరిగి, పైనున్న బంగారు పొర ఆధారం లేక ఊడిపోతుంది, లోపలి పట్టుదారం బలహీనపడుతుంది. అంటే మెరుపు తెచ్చే ప్రయత్నమే వస్తువును చంపుతుంది. ఏ తేమలో ఈ నలుపు ఎంత వేగంగా పెరుగుతుంది, వెండిలో రాగి పాలు ఎక్కువైతే ఏమవుతుంది, లేజర్ కిరణంతో నలుపును మాత్రమే తొలగిస్తూ పట్టును కాపాడగలమా, అసలు తొలగించకుండా వదిలేయడమే మేలా? ఇవన్నీ డాక్టరేట్ స్థాయి ప్రశ్నలే. మన ఊళ్లలో పాత జరీ చీరలు కొనేవాళ్లు వాటిని కాల్చి వెండి తీసుకుంటారు. ఆ మంటలో లోహం బయటపడుతుంది, ఎవరు ఎప్పుడు ఎలా చేశారన్న సాక్ష్యం బూడిదవుతుంది. అందుకే ఈ పరిశోధన ఆలస్యం కాకూడదని నా గట్టి అభిప్రాయం.

అనుభవజ్ఞుడైన పనివాడు చాలడా, పీహెచ్‌డీ ఎందుకు అని అడిగేవాళ్లకు అజంతా సమాధానం చెబుతుంది. 1920ల మొదట్లో హైదరాబాద్ సంస్థానం ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీని పిలిపించి అక్కడి వర్ణచిత్రాలకు చికిత్స చేయించింది. నాటి ప్రమాణాలతో చూస్తే ఆయన నిపుణుడే, ఉద్దేశమూ మంచిదే. కానీ అప్పుడు పూసిన లక్క వార్నిష్ కాలక్రమేణా పసుపెక్కి, బొమ్మల అసలు రంగులను కప్పేసింది. తర్వాతి తరాల రసాయనవేత్తలు దాన్ని అంగుళం అంగుళం చొప్పున తొలగించాల్సి వచ్చింది. ఒక పదార్థం యాభై ఏళ్ల తర్వాత ఎలా మారుతుందో చేతి నైపుణ్యం ఒక్కటే చెప్పలేదు. వేడి, వెలుతురు, తేమ పెంచి ఆ యాభై ఏళ్లను ప్రయోగశాలలో కొన్ని వారాలకు కుదించి చూడాలి. మరో సంగతి చాలామందికి తెలియదు: ఇలాంటి పరిశోధన ఎక్కువ భాగం అసలు వస్తువును తాకకుండానే జరుగుతుంది, నమూనాలు తయారు చేసుకుని వాటినే పరీక్షిస్తారు. జరీ విషయంలో ఆ నమూనాలు చేయించుకోవడానికి సూరత్ కార్ఖానాలను మించిన చోటు లేదు. పనివాడి జ్ఞానం ఇక్కడ పక్కకు పోదు, పరిశోధనకు అదే పునాది.

ఇది చరిత్ర విద్యార్థుల సొత్తు అన్న మాట ఈ శాస్త్రం పుట్టుకకే విరుద్ధం. 1888లో బెర్లిన్ రాజ మ్యూజియాలు ప్రయోగశాల కోసం నియమించుకున్న ఫ్రీడ్రిక్ రాత్‌గెన్ రసాయనవేత్త. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో లండన్ భూగర్భ సొరంగాల్లో దాచిన బ్రిటిష్ మ్యూజియం వస్తువులు తుప్పుపట్టి, చిలుమెక్కి బయటికొస్తే, వాటిని చూడటానికి పిలిచిన అలెగ్జాండర్ స్కాట్ కూడా రసాయనవేత్తే. మన పురావస్తు శాఖ అంతకుముందే, 1917లో, మహమ్మద్ సనావుల్లాను పురావస్తు రసాయనవేత్తగా నియమించింది. మొహెంజొదారో లోహాలను విశ్లేషించింది ఆయనే. నేడు యూజీసీ నెట్‌లో మ్యూజియాలజీ, పరిరక్షణ కలిసి ఒక ప్రత్యేక సబ్జెక్టు. రసాయనశాస్త్రం వారికి సీఎస్‌ఐఆర్ నెట్ దారి కూడా ఉంది. చరిత్ర తెలియనక్కర్లేదని కాదు. ఆ చీర ఎవరి కోసం నేసిందో తెలియనివాడు దాని మీది మరకను మురికనుకుని తుడిచేయగలడు. చరిత్ర, రసాయనం రెండూ తెలిసిన మనిషే కావాలి, అలాంటివారు తక్కువ.

విదేశాలకు పోవాలన్న మాటలో కొంత నిజం ఉంది. బ్రిటన్‌లో 2014లో యూనివర్సిటీ కాలేజ్ లండన్, ఆక్స్‌ఫర్డ్, బ్రైటన్ విశ్వవిద్యాలయాలు కలిసి వారసత్వ శాస్త్రానికి ప్రత్యేక డాక్టరేట్ కేంద్రాన్ని మొదలుపెట్టి, ఇంజినీర్లనూ భౌతికశాస్త్రజ్ఞులనూ ఈ రంగంలోకి తెచ్చాయి. అంత వ్యవస్థ మనకు ఇంకా లేదు. అయితే ఏమీ లేదనడం తప్పు. సూరత్ నుంచి రైల్లో రెండు గంటలు పోతే వడోదర. అక్కడి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1950 నుంచి పురావస్తు శాఖ, 1952 నుంచి మ్యూజియాలజీ శాఖ ఉన్నాయి. ఆ పురావస్తు శాఖకు తొలి అధిపతి బెండపూడి సుబ్బారావు. గుజరాత్‌లో ఈ చదువుకు పునాది వేసినవారిలో మన పేరు ఒకటుందని సూరత్ తెలుగువాళ్లలో ఎందరికి తెలుసు? గాంధీనగర్ ఐఐటీలో పురావస్తు శాస్త్రాల కేంద్రం ఉంది. లక్నోలో 1976 నుంచి సాంస్కృతిక ఆస్తుల పరిరక్షణకు జాతీయ పరిశోధనశాల ఉంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మొదలై ఇప్పుడు నోయిడాలో ఉన్న సంస్థ పరిరక్షణలోనే పీహెచ్‌డీ ఇస్తుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 'శ్రీ' పేరుతో విజ్ఞానం, వారసత్వం కలిసే పరిశోధనలకు నిధులిస్తోంది. ఇక పరికరాల మాటకొస్తే, ఎక్స్‌రే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వంటివి మ్యూజియంలోనే ఉండాలన్న నియమం లేదు. ఏ పెద్ద సాంకేతిక విద్యాసంస్థ కెమిస్ట్రీ, మెటలర్జీ విభాగాల్లోనైనా ఉండేవే.

జరీ ఒక్కటే కాదు. సూరత్‌లో పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్, డచ్ సమాధులు ఇటుక, సున్నంతో కట్టినవి. ఇలాంటి కట్టడాలకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి, లవణాలు స్ఫటికాలుగా గట్టిపడి పాత సున్నాన్ని పిండి చేస్తాయి. 'గట్టిగా' చేయడమే కాపాడటం అనుకునేవారికి ఇది కళ్లు తెరిపించాలి. కాగితాల సంగతీ ఉంది: 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. 1966 నవంబరులో ఫ్లోరెన్స్ గ్రంథాలయాలు మునిగాక, తడిసిన పుస్తకాలను కాపాడే శాస్త్రం ప్రపంచమంతటా కొత్త మలుపు తీసుకుంది. వరద తెలిసిన నగరం, మన ఉక్కపోతలో తడిసిన కాగితానికి బూజు ఎన్ని గంటల్లో పడుతుంది, ముందుగా దేన్ని ఆరబెట్టాలి అన్న ప్రశ్నలను ఇటలీ లెక్కలకే వదిలేయకూడదు.

చివరి అభ్యంతరం బతుకుతెరువు. దీన్ని దాటవేయకూడదు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, మొత్తం ఐదేళ్ల దాకా. చాలా ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. కానీ ఆ తర్వాత మ్యూజియాల్లో, పురావస్తు శాఖ విజ్ఞాన విభాగంలో ఖాళీలు తక్కువ, భర్తీ నెమ్మది. ఈ రంగం తెలిసిన గైడ్లూ తక్కువే. అందువల్ల ఒక కుటుంబం వెనకాడితే తప్పుపట్టలేం. అయితే జరీ పొరను విశ్లేషించడం నేర్చినవారికి పదార్థ పరీక్షలు, పూతల నాణ్యత, వస్త్ర పరిశ్రమ ప్రయోగశాలల తలుపులూ తెరిచే ఉంటాయి. సాంచాల మీద పనిచేసే మనిషి కూలి సంగతి చూడకుండా పాత చీరల మీద డబ్బెందుకనే ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ అసలు జరీ ఏదో, రాగి తీగ మీద పూత పూసిన నకిలీ ఏదో, పాలియెస్టర్ తళుకు ఏదో వస్తువు పాడవకుండా నిరూపించగల పద్ధతి దొరికితే, మ్యూజియంతో పాటు అసలు జరీ చేసే కార్మికుడికీ అది ఉపయోగపడుతుంది. సూరత్ జరీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు పేరుతో నకిలీ అమ్మితే పట్టుకోవడానికి కావలసింది ఇలాంటి పరీక్షే.